ప్రామాణిక కేక

అంతర్జాతీయ వినోద చక్రాల యజమానుల సమాఖ్య మా వీధి అరుగు మీద పుట్టింది. ఆ సమయానికి నేను లోపల చేపల పులుసు పెడుతున్నాను. పుట్టిన సంగతి పులుసు దించాక తెలిసింది.

పుట్టినప్పుడు దానికింత పేరు లేదు. నూకాలమ్మ జాతర, అదే మా ఊరి తీర్థంలో, జీళ్ళ కొట్టు పక్క జాగా జెయింట్ వీలుకివ్వాలా, ఓడలా ఊగే కొలంబస్‌కివ్వాలా అని నలుగురు కొట్టుకోబోయి, చొక్కాలు చిరిగితే ఎవరి భార్య కుట్టాలన్న ప్రశ్న వచ్చి, వెనక్కి తగ్గి సంఘం పెట్టుకున్నారు. జెయింట్ వీలు యజమాని ముత్యాల గౌరీపతి గారు అధ్యక్షులయ్యారు. ఆయనకి మెట్ల మీంచి కిందికి చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. సొంత చక్రం ఒక్కనాడూ ఎక్కలేదు. అరుగు మాది కాబట్టి మా ఆయన త్రిమూర్తులు కార్యదర్శి అయ్యారు.

మాది రంగులరాట్నం. మా మామగారు టేకుతో చెక్కిన గుర్రాలు, రెండు ఏనుగులు, ఒక హంస. ఒక గుర్రానికి ఎడమ చెవి లేదు. పిల్లలు దెబ్బలాడుకునేది ఆ గుర్రం కోసమే.

సంఘం మొదట తాలూకాది. తరవాత జిల్లాది. అఖిల భారతం చేద్దామనుకునేసరికి, తుపాకీతో బెలూన్లు కొట్టించేవాళ్ళు ఆ పేరు ముందే పెట్టేసుకున్నారు. బెలూన్ల వాళ్ళ కింద ఉండటం గౌరీపతి గారికి నచ్చలేదు.

"దానికి పైన ఇంకేవుందండీ?" అని అడిగారు.

"అంతర్జాతీయం ఉందండి, ఆయ్," అన్నారు మా ఆయన.

"అదే రాయించండి. బోర్డు కాస్త పొడుగ్గా చేయించండి."

అంతర్జాతీయం అనాలంటే విదేశీయుడు ఒక్కడైనా ఉండాలని ఎవరో అన్నారు. చలికాలంలో మా వీధి చివర స్వెట్టర్లు పరుచుకుని అమ్మే నేపాల్ మనిషి పదంబహదూర్‌ని పిలుచుకొచ్చి, నువ్వు ఆసియా ఖండానికి ఉపాధ్యక్షుడివని చెప్పి మెడలో దండ వేశారు. ఆయన దండ తీసి మూట మీద పెట్టి, "మంచిది సాబ్, ఎవరికి ఏ సైజు కావాలి?" అన్నాడు. ఉగాది వెళ్ళి ఎండలు ముదరగానే ఆయన వాళ్ళ దేశం పోతాడు. అంచేత మా సమాఖ్య తీర్థం అయ్యేదాకా అంతర్జాతీయంగా ఉండి, తరవాత మళ్ళీ మా వీధిది అయిపోయేది.

పేరు పెద్దదయ్యాక పని కూడా పెద్దది ఉండాలి కదా. సాంకేతిక సంచాలకుడు కావలసి వచ్చాడు. తూనికలు కొలతల్లో పనిచేసి రిటైరైన చిట్టూరి భాస్కరానందం గారు దొరికారు. ఆయన మాట్లాడుతుంటే చివర ముద్ర కూడా వేస్తారేమో అనిపించేది. మొదటి సమావేశంలోనే లేచి నిలబడ్డారు.

"సభ్యులకు మనవి. వినోదమనగా నేమి? కొలవ వీలుగానిది వినోదము కానేరదు. బియ్యమునకు కిలో గలదు. గుడ్డకు మీటరు గలదు. మన పరిశ్రమ మాత్రము ఇన్నేండ్లుగా కొలత లేక అనాథవలె నున్నది."

గౌరీపతి గారికి కళ్ళు చెమర్చాయి. అనాథ అన్న మాటకి కాబోలు.

భాస్కరానందం గారు సంచీలోంచి చప్పుడు కొలిచే యంత్రం తీశారు. చేతిలో ఇమిడే పెట్టె, మీద ఒక ముల్లు. ఆయన వాదన ఇదీ. జనం ఆనందిస్తే కేక వేస్తారు. కేకకి చప్పుడుంటుంది. చప్పుడుకి ముల్లు కదులుతుంది. ముల్లు కదిలినంతా ఆనందం. ఇక కావలసింది ఒక్కటే: ఎంత కేక అయితే సరిపోయిన కేక అన్నది తేల్చే అసలు సిసలు కేక ఒకటి. ప్రామాణిక కేక.

అందరూ తలా ఒకటి వేసి చూశారు. గౌరీపతి గారిది దగ్గుగా తేలింది. మా ఆయన ఇంట్లో గొంతెత్తి ఎరగరు. ఆయన నోరు తెరిచారు గానీ ముల్లుకి ఆ సంగతి తెలియలేదు. మృత్యుబావిలో మోటారుసైకిలు నడిపే మస్తాన్ గారు, "భయం లేకుండా కేక రాదండి. నాకు భయం పోయి శానా ఏళ్ళయ్యింది," అన్నారు.

అప్పుడే నేను టీ పళ్ళెం పట్టుకుని గదిలోకి వచ్చాను. నాకు పాములంటే భయం లేదు. అద్దె తగాదాకి వచ్చే మా ఆడపడుచంటే భయం లేదు. బొద్దింకంటే మాత్రం ప్రాణం పోతుంది. క్యాలెండరు వెనకాల నుంచి ఒకటి ఎగిరి సరిగ్గా నా మోచేతి మీద వాలింది.

టీ గ్లాసులు నలుగురి మీద పడ్డాయట. వీధిలో పాలవాడు సైకిలు దిగి నిలబడ్డాడట. నాకేం తెలియదు. కళ్ళు తెరిచేసరికి భాస్కరానందం గారు, చొక్కా నుంచి టీ కారుతుండగా, ముల్లు వైపు భక్తిగా చూస్తున్నారు.

"తొంబది యెనిమిది," అన్నారు. "నాదము స్పష్టము. ఆరంభము నిష్కల్మషము. ముగింపున తడబాటు లేదు. ఇదియే."

"ఏది?" అన్నాన్నేను.

"అమ్మా, శ్రీమతి రత్నవేణి గారూ, తమరి కేకను ఈ సమాఖ్య ప్రపంచమునకు ప్రమాణముగా స్వీకరించుచున్నది."

అందరూ చప్పట్లు కొట్టారు. పదంబహదూర్ కూడా కొట్టి, నన్ను చూసి, "భాభీ వణుకుతోంది, స్వెట్టర్ ఇవ్వనా?" అన్నాడు.

నిబంధనలు ఆ వారంలోనే అచ్చయ్యాయి. ఏ చక్రమైనా సరే, ఎక్కినవాళ్ళ కేక నా కేకలో సగానికి తగ్గితే అది వినోదం కాదు. రెట్టింపు మించితే అది ప్రమాదం. రెండింటికీ తీర్థంలో జాగా లేదు. ప్రమాణం తుప్పు పట్టకుండా ఏటా తీర్థానికి ముందు, అంతర్జాతీయ ఉపాధ్యక్షుడి సమక్షంలో, నా చేత మళ్ళీ కేక వేయించి ముల్లు సరిచూడాలి. తీర్థం కమిటీ వాళ్ళు కూడా, ఇంత పొడుగు బోర్డున్న సంఘం చెప్పింది కదా అని, ధ్రువపత్రం లేనిదే మేకు పాతనివ్వమన్నారు.

ఆ తరవాత మా పరిశ్రమలో ఎంత అభివృద్ధి జరిగిందో చెప్పలేను.

జెయింట్ వీలు మీద జనం కేకలు చాలక, పైకి వెళ్ళాక వీపు మీద చన్నీళ్ళు చల్లే మనిషిని పెట్టారు. కొలంబస్ వాళ్ళు ప్రతి పడవకీ ఇద్దరు జీతపు కేకల వాళ్ళని కుదుర్చుకున్నారు. మస్తాన్ గారికి వేరే చిక్కు వచ్చింది. మృత్యుబావిలో కేకలు వేసేది పైన నిలబడి చూసేవాళ్ళు, ఎక్కినవాడు వెయ్యడు.

"ఎక్కినవాడే వెయ్యవలెనని నిబంధన," అన్నారు భాస్కరానందం గారు.

"బండి గోడెక్కాక జనం పైనుంచి పదిరూపాయల నోటందిస్తారండి. దాన్ని పళ్ళతో పట్టుకోవాలండి. కేకేస్తే నోట్లోది పడిపోద్ది కదండీ."

"నోటు పడిన పడుగాక. ప్రమాణము పడరాదు."

మా పెరట్లో కేకల శిక్షణ శిబిరం పెట్టారు. ప్రమాణం దగ్గరగా ఉంటే పోల్చుకోడానికి వీలని. మొదటి రోజు పక్కింటి కామేశ్వరి గారు రోకలి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. రెండో రోజు రోకలి లేకుండా వచ్చింది. తరవాత రావడం మానేసింది. ఆ వారంలోనే వాళ్ళ నూతి గట్టు మీద నిజంగా పాము కనబడి ఆవిడ గోలపెడితే, మా పెరట్లోంచి భాస్కరానందం గారు గోడ మీదుగా, "బాగున్నది, కానీ ముగింపున వణుకు తగ్గవలెను," అని చెప్పారు. ఆవిడ మాతో మాట్లాడి చాలా కాలమైంది.

ఇన్ని జరుగుతుంటే మా అత్తగారు మాణిక్యమ్మ గారు గోడవార కూచుని గుర్రాలకి రంగులు వేసుకుంటున్నారు. ప్రతి ఏడూ తీర్థానికి ముందు ఆవిడే వేస్తారు. మామగారు పోయాక కూడా మానలేదు. ఒకరోజు హంస ముక్కుకి పసుపు వేస్తూ అడిగారు.

"ఒరే త్రిమూర్తులూ, మన రాట్నానికి కూడా ఈ గోలుంటాదేట్రా?"

"అందరికీ ఒకటే రూలమ్మా," అన్నారు మా ఆయన, తల వంచుకుని.

మా రాట్నం పరీక్ష ఊరి చివర మైదానంలో జరిగింది. మా వీధి పిల్లలందరినీ ఎక్కించాం. భాస్కరానందం గారు యంత్రం పట్టుకుని మధ్యలో స్తంభం దగ్గర నిలబడ్డారు. మా ఆయన తోశారు. రాట్నం తిరిగింది.

రంగులరాట్నం ఎక్కిన పిల్లలు కేకలు వెయ్యరు. నేను కాపరానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. గుర్రం మెడ గట్టిగా పట్టుకుంటారు. బయట అమ్మ ఎక్కడుందో వెతుక్కుంటారు. కనబడగానే మొహం విచ్చుకుంటుంది. అంతలోకే అమ్మ మాయమైపోతుంది. మళ్ళీ వెతుక్కుంటారు. మళ్ళీ కనబడుతుంది. ఆ ఆట అంతే. అందులో చప్పుడు లేదు.

ముల్లు కదల్లేదు.

"ఇంకొంచెం జోరుగా తొయ్యండి కార్యదర్శి గారూ," అన్నారు గౌరీపతి గారు. మా ఆయన జోరుగా తోశారు. పిల్లలు నోళ్ళు ఇంకా పెద్దవి చేసుకుని, ఇంకా నిశ్శబ్దంగా నవ్వారు. మా అత్తగారు పళ్ళ సెట్టు చేత్తో పట్టుకుని, జుట్టు విరబోసుకుని ఎదురుగా నిలబడి దయ్యంలా ఊగారు. చెవి లేని గుర్రం మీదున్న పిల్ల ఆవిడకి ముద్దు విసిరింది.

"శూన్యము," అన్నారు భాస్కరానందం గారు. "ఇది వినోదోపకరణము కాదు. గృహోపకరణముల కిందికి వచ్చును. ఉయ్యాల, పీట, వగైరా."

పదంబహదూర్ గొంతు సవరించుకున్నాడు. "సాబ్, బచ్చాలు నవ్వుతున్నారు కదా?"

"నవ్వునకు కొలత లేదు, ఉపాధ్యక్షా. కొలత లేనిదానిని లెక్కలోనికి తీసుకొన్న యెడల రేపు దోసెల బండి వాడు కూడ సభ్యత్వమడుగును."

మా ఆయన ఇంకోసారి పరీక్ష పెట్టమని బతిమాలారు. గౌరీపతి గారు ఆలోచించారు. అక్కడికక్కడే సమావేశం జరిపి, ఏ పరీక్షనైనా ఒక ఏడాదిలో రెండోసారి జరపరాదని తీర్మానం చేయించారు. "మనవాళ్ళని చెప్పి వదిలేస్తే అంతర్జాతీయంగా చెడ్డపేరొస్తుందండీ. ఏవంటావు చెల్లెమ్మా?" అని నన్నే అడిగారు. రాట్నం జాగా జెయింట్ వీలు పక్కనే. అది ఖాళీ అయితే ఆయన చక్రానికి ఇంకో వరస పెట్టెలు తగిలించుకోవచ్చు. ఆ మాట ఎవరూ అనలేదు.

సమాఖ్య కార్యదర్శిగా మా ఆయన, రంగులరాట్నం యజమాని త్రిమూర్తులుకి నోటీసు రాశారు. పోస్టులో వేశారు. మర్నాడు పోస్టుమాన్ తెస్తే సంతకం పెట్టి పుచ్చుకున్నారు. చదివి, కోపం వచ్చి, భోజనం మానేశారు. సాయంత్రం జవాబు రాశారు. అది అందాక కార్యదర్శి హోదాలో చదివి, "వివరణ సంతృప్తికరంగా లేదు" అని నిట్టూర్చారు.

"మీరే రాసి మీరే కాదంటే ఎలాగండీ?" అన్నాను.

"నీకు తెలీదు రత్నం. రాసినవాడు వేరు, చదివినవాడు వేరు."

ఆ రోజు మా అత్తగారు రంగుల డబ్బాలన్నీ మూతలు పెట్టేశారు. నేను అన్నం కలిపి పెడితే వద్దన్నారు.

తీర్థంలో మా రాట్నానికి ఒక ఆనవాయితీ ఉంది. మొదటి చుట్టు ఖాళీగా తిప్పుతాం. అది నూకాలమ్మ తల్లిది. ఎవరూ ఎక్కరు. అమ్మవారు ఏ గుర్రం మీద కూచుంటుందో మనకి తెలియదు కాబట్టి అన్నిటికీ పసుపూ కుంకుమా పెడతాం. ఆవిడ దిగాకే పిల్లలు.

"మీరందరూ సరేరా. మరి అమ్మవారు తిరగడానికి ఏదెక్కుద్ది?" అన్నారు అత్తగారు గోడకేసి చూస్తూ. "గిరగిరా తిప్పి విసిరేసే మీ బ్రేక్ డాన్సు చక్రమా? ఆ వయసులో తల్లికి నడుం పట్టేదా?"

మా ఆయన బయటికి వెళ్ళిపోయారు. నేను గిన్నెలు ముందేసుకుని తోముతూ కూచున్నాను. సగానికి తగ్గకూడదు, రెట్టింపు మించకూడదు. ఏ వస్తువైనా సగం చెయ్యడం, రెట్టింపు చెయ్యడం ఇంట్లో ఆడదానికి రోజూ ఉండే పనే. చుట్టాలు వస్తే పప్పు రెట్టింపు, పాలు విరిగితే టీ సగం. ఖాళీ గిన్నె చేతిలోకి తీసుకున్నాను. దీన్లో సగమెంత? ఏం లేదు. రెట్టింపెంత? ఏం లేదు.

చేతిలో బూడిద అలాగే ఉండగా లేచి అత్తగారి దగ్గరికి వెళ్ళాను.

"అత్తా, రేపు ముల్లు సరిచూడ్డానికి వస్తున్నారు. నేను కేక వెయ్యకపోతే?"

ఆవిడ నా మొహం చూశారు. అర్థమైంది. అర్థమయ్యాక దిగులు పడ్డారు. "నీవల్ల కాదే అమ్మా. పెళ్ళినాడే పందిట్లో బొద్దింకని చూసి పెళ్ళికొడుకుని తోసేసేవు."

"మీరు వంటింట్లో మిక్సీ దగ్గరుండండి. నేను లోపలికి రాగానే వేసెయ్యండి."

మర్నాడు అందరూ వచ్చారు. ముందు గది ఫ్యాను కట్టేశారు. గోడ గడియారం తీసి పెరట్లో పెట్టారు. బొద్దింకల ఉపసంఘం వారు హార్లిక్స్ సీసాలో మూడింటిని తెచ్చారు.

"మూడెందుకండీ?" అన్నాను.

"ఒకటి ప్రామాణికము. తక్కినవి ప్రత్యామ్నాయములు," అన్నారు భాస్కరానందం గారు.

నన్ను టీ పళ్ళెంతో గుమ్మంలో నిలబెట్టారు. మొదటిసారి ఎలా జరిగిందో అలాగే జరగాలట. పదంబహదూర్ నా వంక జాలిగా చూశాడు. గౌరీపతి గారు, "కానియ్ చెల్లెమ్మా. దేశాలన్నీ నీ నోటికేసి చూస్తున్నాయ్," అన్నారు.

మూత తీశారు. ప్రామాణికమైనది కాసేపు సీసా అంచు మీద మీసాలు తిప్పింది. ఎగిరింది. నా మోచేతి మీద వాలింది. అక్కడ నుంచి నడక మొదలుపెట్టింది.

దాని కాళ్ళు ఎన్నో నాకు తెలియదు గానీ అన్నీ నా చర్మానికి తెలిశాయి. భుజం మీదికొచ్చింది. మెడ మీదికొచ్చింది. నేను చెవి లేని గుర్రాన్ని తలుచుకున్నాను. బొద్దింక జాకెట్టు మెడ అంచు దగ్గర ఆగింది. నేను హంసని, ఏనుగుల్ని, గుర్రాలెక్కే పిల్లలందరినీ తలుచుకున్నాను. గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. నేను పెదవి విప్పలేదు.

బొద్దింకకి విసుగొచ్చింది. ఎగిరి వెళ్ళి గౌరీపతి గారి బట్టతల మీద వాలింది.

అధ్యక్షుల వారు వేసిన కేకకి ముల్లు చివరిదాకా పోయి, అక్కడ కొట్టుకుని తిరిగొచ్చింది.

"అది పనికొస్తుందండీ! నాది రాసుకోండి!" అని కుర్చీ మీదికెక్కి అరిచారు గౌరీపతి గారు. తరవాత కిందికి చూసి, కళ్ళు తిరిగి, మళ్ళీ అరిచారు.

"అధ్యక్షుల వారి కేక అనధికారము," అన్నారు భాస్కరానందం గారు. "నిబంధనలలో శ్రీమతి రత్నవేణి గారి పేరే గలదు. వారి కేక యీ సంవత్సరమునకు..." ముల్లు కేసి ఇంకోసారి చూశారు. "శూన్యము."

"ఇంకోసారి వేయిద్దాం!"

"ఏ పరీక్షయు రెండవసారి జరుపరాదు. తమరి తీర్మానమే."

నేను పళ్ళెం బల్ల మీద పెట్టాను. "టీ చల్లారిపోతుంది, తాగండి," అన్నట్టు చెయ్యి చూపించాను. పరుగెత్తకుండా, నడిచి, వంటింట్లోకి వెళ్ళాను. బియ్యం డ్రమ్ము మూత తీసి తల లోపల పెట్టాను. మా అత్తగారు మిక్సీ వేశారు. అప్పటిదాకా దాచిందంతా బియ్యంలోకి వదిలేశాను. మిక్సీలో ఏమీ వెయ్యలేదు. ఖాళీ మిక్సీయే గిర్రున తిరిగింది. నా ఊపిరి తీరేదాకా ఆవిడ బటన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

భాస్కరానందం గారు నిబంధనల మనిషి. రెండు రోజులు తిండి మానేసి లెక్కలు కట్టారు. జెయింట్ వీలు కేక శూన్యానికి రెట్టింపు మించింది. ప్రమాదం. కొలంబస్, బ్రేక్ డాన్స్, మృత్యుబావి, అన్నీ ప్రమాదమే. సగానికి తగ్గకుండా, రెట్టింపు మించకుండా, ప్రమాణానికి సరిగ్గా తూగిన వినోద చక్రం ప్రపంచం మొత్తం మీద ఒక్కటే తేలింది. కార్యదర్శి త్రిమూర్తులు, యజమాని త్రిమూర్తులుకి ధ్రువపత్రం రాసి, పోస్టులో వేసి, అందాక కళ్ళకద్దుకున్నారు.

"ప్రమాణమే తప్పేమో చూడండి స్వామీ," అని గౌరీపతి గారు ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశారట.

"ప్రమాణము తప్పు చేయదు. జనము ఎక్కువగా అరచుచున్నారు," అన్నారట ఆయన.

తీర్థం రోజు జీళ్ళ కొట్టు పక్కన మా రాట్నం ఒక్కటే నిలబడింది. మిగతా చక్రాలన్నీ గోనెపట్టాలు కప్పుకుని మైదానం బయట ఉన్నాయి. మా అత్తగారు గుర్రాలన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టారు. మొదటి చుట్టు ఖాళీగా తిరిగింది. భాస్కరానందం గారు యంత్రం చూసి, "అమ్మవారు నిబంధనలకు లోబడియే యున్నారు," అని టిక్కు పెట్టుకున్నారు.

తరవాత పిల్లలు ఎక్కారు. పిల్లలయ్యాక పెద్దవాళ్ళు ఎక్కారు, ఎక్కడానికి ఇంకేం లేదు కాబట్టి. మస్తాన్ గారు ఏనుగెక్కి చేతులు కట్టుకుని కూచున్నారు. పదంబహదూర్ హంస మీద, స్వెట్టర్ల మూట ఒళ్ళో పెట్టుకుని. ఆఖరికి గౌరీపతి గారు కూడా వచ్చారు. ఆయనకి చెవి లేని గుర్రం దొరికింది. రాట్నం కదలగానే రెండు చేతులా దాని మెడ పట్టుకుని, కేక వస్తే ఈ రాట్నం కూడా రద్దయిపోతుందని ఎవరో చెబితే, పెదాలు బిగించి కళ్ళు పెద్దవి చేసుకుని తిరిగారు. బయట వాళ్ళావిడ నిలబడి ఉంది. ఆవిడ కనబడ్డప్పుడల్లా ఆయన మొహం విచ్చుకుంది. దిగమంటే దిగలేదు.

నేను టిక్కెట్లు చింపుతుంటే భాస్కరానందం గారు మా దగ్గరికి వచ్చారు. కొంచెం సిగ్గుపడుతున్నట్టు కనబడ్డారు.

"అమ్మా, ఒక సందేహము. ఆ దినము మీ వంటగదినుండి మిక్సీ చప్పుడు వచ్చినది. యాదృచ్ఛికముగా ముల్లు చూచితిని. నూట పన్నెండు. నాదము స్పష్టము, ముగింపున తడబాటు లేదు. ఇట్టిది నా సర్వీసులో వినలేదు. వచ్చే సంవత్సరమునకు దానినే ప్రమాణముగా పెట్టుకొందుము. ఏ కంపెనీదో సెలవిచ్చెదరా?"

నేను మా అత్తగారి వైపు చూశాను. ఆవిడ హంస రెక్క మీద ఎవరో అంటించిన జీడిపాకం గోటితో గీకుతూ, తల ఎత్తకుండా చెప్పారు.

"కంపెనీది కాదు బాబూ. మా అబ్బాయి పెళ్ళికి కోడలి పుట్టింటివాళ్ళు పంపేరు. బయటికివ్వం."